చెక్ ఇంజన్ లైటు: మూడు కోడ్లు, ఒక ఫ్యూజు, ఒక పత్తి గూడు

దసరా తర్వాత, వరి కోతల మొదట్లో

కారు 2018లో కొన్నది. బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణాల నాలుగో దశ) పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మీటరు బోర్డులో ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది, ఆరడం లేదు. నిలకడగా వెలుగుతోంది, మిణుకుమిణుకుమనడం లేదు. ఈ తేడా ముందు చూసుకోవాలి. ఆ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే సిలిండర్లో పెట్రోలు సరిగా మండడం లేదని అర్థం. ఆ కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది, దాని లోపలి జల్లెడను కరిగిస్తుంది. అలాంటప్పుడు బండిని పక్కకు తీసి ఆపడమే మంచిది. నిలకడగా వెలిగితే బండి నడుస్తుంది, కాని పొగను అదుపు చేసే వ్యవస్థలో ఏదో ఒక భాగం పని మానేసిందన్నమాట.

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో కారు కంప్యూటర్‌ను చదివే బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోనులో చూస్తే, లోపాలను సూచించే మూడు కోడ్లు కనిపించాయి: పీ0135, పీ0141, పీ0443. వాటితో పాటు, లోపం నమోదైన క్షణంలో ఇంజను వేడి, వేగం, లోడు ఎంతున్నాయో కంప్యూటర్ దాచిపెట్టుకున్న అంకెలు కూడా నోటుబుక్కులో రాసుకున్నాను. కోడ్లు చెరిపేశాక ఆ అంకెలు తిరిగి దొరకవు.

పీ0135 అంటే కన్వర్టర్‌కు ముందుండే ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచేది) హీటరు సర్క్యూట్. పీ0141 అంటే కన్వర్టర్ తర్వాతి సెన్సర్ హీటరు సర్క్యూట్. పీ0443 అంటే పర్జ్ వాల్వ్ (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజనుకు పంపేది) సర్క్యూట్. మూడింటిలోనూ చివరి మాట సర్క్యూట్. సెన్సర్ చెడిపోయిందని కంప్యూటర్ ఎక్కడా చెప్పలేదు. ఆ దారిలో కరెంటు తాను అనుకున్నట్టు పారడం లేదని మాత్రమే చెప్పింది.

ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే రెండు సెన్సర్లూ, వాల్వూ మార్చాలన్నారు. ఖర్చు పదిహేను వేలు దాటుతుందన్నారు. తెలిసినవాళ్లు ఇంకో సలహా ఇచ్చారు: బోర్డు విప్పి ఆ బల్బు తీసేస్తే గొడవే ఉండదని. రెండూ నాకు నచ్చలేదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు వస్తువులు ఒకే వారంలో చెడిపోవడం అరుదు. వాటికి ఉమ్మడిగా ఉన్నదేదో చెడి ఉంటుంది. ముందు దాన్ని చూడాలి. ఇక బల్బు తీసేయడం గురించి: ఉదయం ఈ కారు స్టార్ట్ అయ్యేది మా అమ్మ కూర్చునే వరండా పక్కనే. వారం రోజులుగా అక్కడ పచ్చి పెట్రోలు వాసన వస్తోంది. లైటును దాచితే ఆ వాసన పోదు.

ఆ వాసన ఎక్కడిదో

ఆక్సిజన్ సెన్సర్ లోపల జిర్కోనియా అనే పింగాణీ ఉంటుంది. సుమారు 300 డిగ్రీలు దాటి వేడెక్కితే తప్ప అది పనిచేయదు. సైలెన్సర్ గొట్టంలోని పొగ వేడితోనే అది అంతవరకు చేరాలంటే సమయం పడుతుంది. అందుకే లోపల చిన్న హీటరు పెట్టారు. హీటరు బాగుంటే నిమిషంలోపే సెన్సర్ మేలుకుంటుంది. హీటరు లేకపోతే అంతసేపూ కంప్యూటర్ కళ్లు మూసుకుని, అంచనాతోనే పెట్రోలు పోస్తుంది. చల్లటి ఇంజను ఆగిపోకుండా ఉండాలని కొంచెం ఎక్కువే పోస్తుంది. ఆ సమయంలో కన్వర్టర్ కూడా ఇంకా వేడెక్కి ఉండదు. అందులోని ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత పని మొదలుపెట్టాలంటే 250 నుంచి 300 డిగ్రీలు కావాలి. అంటే బండి బయల్దేరిన మొదటి నిమిషాల్లోనే ఎక్కువ కార్బన్ మోనాక్సైడు, కాలని పెట్రోలు బయటికి వస్తాయి. హసన్‌పర్తి నుంచి హన్మకొండకు పిల్లలను దింపి వచ్చే చిన్న ప్రయాణాల్లో ఈ భాగమే పెద్దది.

పర్జ్ వాల్వ్ కథ వేరు. ట్యాంకులో పెట్రోలు ఆవిరి అవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలిలో కలవకుండా బొగ్గు నింపిన ఒక డబ్బా పట్టి ఉంచుతుంది. ఇంజను నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే ఇంజను ఆ ఆవిరిని పీల్చుకుని మండిస్తుంది, బొగ్గు మళ్లీ ఖాళీ అవుతుంది. వాల్వ్‌కు కరెంటు అందకపోతే అది మూసుకునే ఉంటుంది. బొగ్గు నిండిపోయి, ఇక పట్టలేక, ఆవిరిని బయటికి వదిలేస్తుంది. బండి ఆపి ఉన్నప్పుడు కూడా వరండాలో వాసన రావడానికి ఇదే కారణమై ఉండాలని అప్పుడు అనిపించింది. మూడు కోడ్లలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే.

ఫ్యూజు

ఆ ఆదివారం బానెట్ ఎత్తి ఫ్యూజు బాక్సు తెరిచాను. మా కారు వైరింగ్ బొమ్మ ప్రకారం రెండు హీటర్లకూ, పర్జ్ వాల్వ్‌కూ 12 వోల్టులు వెళ్లేది ఒకే ఒక 15 ఆంపియర్ల ఫ్యూజు గుండా. కంప్యూటర్ నియంత్రించేది వాటి నెగటివ్ వైపు మాత్రమే. ఫ్యూజు తీసి చూస్తే లోపలి తీగ తెగి ఉంది. కొత్తది పెట్టి తాళం తిప్పగానే అదీ టక్కున పోయింది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇలా పోతున్న ఫ్యూజు స్థానంలో 30 ఆంపియర్లది పెట్టడం, వెండి కాగితం చుట్టడం, రాగి తీగ కట్టడం చూశాను. వైరు మందం 15 ఆంపియర్లకు సరిపోయేది. ఫ్యూజు పోకపోతే వైరు కాలుతుంది. అది పెట్రోలు గొట్టానికి జానెడు దూరంలో ఉంది.

తర్వాత మూడు ప్లగ్గులూ ఊడదీశాను: ముందు సెన్సర్, వెనుక సెన్సర్, వాల్వ్. ఇంకో ఫ్యూజు పెట్టాను. అదీ పోయింది. అంటే షార్టు ఆ మూడు వస్తువుల లోపల లేదు, వాటికి వెళ్లే వైరులో ఉంది. ఇప్పటికి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదని తేలింది.

చిన్నాయన, టెస్టు బల్బు

మా చిన్నాయన పరకాల దగ్గర వ్యవసాయ మోటార్లు, స్టార్టర్లు బాగుచేస్తారు. కార్ల వైరింగ్ ఆయన పని కాదు, కాని కరెంటు ఎక్కడ దారి తప్పిందో పట్టుకోవడంలో ఆయనకున్న ఓపిక నాకు లేదు. ఫోను చేస్తే ఇండికేటర్ బల్బు హోల్డరు ఒకటి, రెండు గజాల వైరు తెచ్చారు.

"ఫ్యూజు పోయిందంటే అది తన పని తాను చేసింది బిడ్డా. దాన్ని తిట్టకు. ఇప్పుడు దాని జాగాలో బల్బు కూర్చోబెడదాం" అన్నారు.

ఫ్యూజు స్లాటులోని రెండు కాళ్లకు 12 వోల్టుల, 21 వాట్ల బల్బు కలిపారు. ఇది చాలా మంచి పద్ధతి. షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, కాని అందులో పారేది రెండు ఆంపియర్లకు మించదు కనుక వైరు కాలదు, ఫ్యూజులు వృథా కావు. ప్లగ్గులన్నీ ఊడదీసి ఉన్నాయి కనుక షార్టు పోయిన క్షణాన బల్బు పూర్తిగా ఆరిపోవాలి.

తాళం తిప్పాను. బల్బు నిండుగా వెలిగింది. చిన్నాయన ఫ్యూజు బాక్సు దగ్గర నుంచి వైర్ల కట్టను కొద్దికొద్దిగా కదుపుతూ వచ్చారు. బ్యాటరీ వెనుక వెలుగు మారలేదు. ఎయిర్ ఫిల్టర్ కింద కూడా మారలేదు. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న రేకు గోడ దగ్గర, సైలెన్సర్ వేడిని ఆపే రేకు పక్కన, కట్టను కొంచెం పైకి లేపగానే బల్బు ఆరింది. వదిలితే వెలిగింది.

"చిన్నాయనా, మళ్లీ లేపండి" అన్నాను. లేపారు, ఆరింది. చోటు దొరికింది.

పత్తి గూడు

ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి టార్చి వేస్తే రేకు గోడ మూలలో తెల్లగా కనిపించింది. పత్తి. గింజ తీయని పత్తి, వరిగడ్డి ముక్కలు, బియ్యం సంచి పోగులు కలిపి కట్టిన ఎలుక గూడు. ఇది పత్తి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు బండ్ల మీద పోయే కాలం. మా వీధిలోనూ ఇద్దరు ముగ్గురు రైతులు ఇళ్ల ముందు బోరాలు వేస్తారు. ఇంటి వెనుక మడి కోశారు. పొలంలో నీడ పోయిన ఎలుకలకు, రాత్రి పూట వెచ్చగా ఉండే ఇంజను కంటే మంచి చోటు ఏముంటుంది?

అవి వైర్ల మీది ముడతల ప్లాస్టిక్ తొడుగును రెండు మూడు అంగుళాల మేర కొరికేశాయి. లోపల 12 వోల్టుల వైరు రాగి బయటపడి రేకుకు తగులుతోంది. పక్కనున్న మరో వైరు మీద పంటి గాట్లు ఉన్నాయి, రాగి వరకు పోలేదు.

గూడును బయటికి తీస్తుంటే నాకు వణుకు వచ్చింది. కింద ఎర్రగా కాలే సైలెన్సర్, పైన పత్తి, పక్కన నిప్పురవ్వలు రాల్చగల వైరు. ఫ్యూజు తెగింది కనుక సరిపోయింది. రేకుల మధ్య ఇరుక్కున్న దూదిపోగు ఒక్కటి కూడా వదలకుండా చేత్తో, సన్న బ్రష్షుతో, తర్వాత వాక్యూమ్ క్లీనర్‌తో తీశాం. నీళ్ల పైపు ప్రెషరుతో కొట్టలేదు, సెన్సర్ల ప్లగ్గుల్లోకి నీరు పోతే ఇంకో కొత్త తలనొప్పి.

అతుకు

బ్యాటరీ నెగటివ్ తీసి పని మొదలుపెట్టాం. దెబ్బతిన్న ముక్క కోసి, అదే మందం, వేడికి తట్టుకునే వైరు ముక్క మధ్యలో పెట్టి, రెండు వైపులా క్రింపింగ్ (నొక్కి బిగించే) అతుకులు వేశాం. వాటి మీద లోపల జిగురున్న, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవు. గాట్లు పడిన రెండో వైరుకు కూడా స్లీవు తొడగాలంటే దాన్ని ప్లగ్గు వైపు నుంచి విప్పాలి. చిన్నాయన ఓపికగా ఆ పిన్ను బయటికి తీసి తొడిగారు. మొత్తం మీద ఫైబర్‌గ్లాసు తొడుగు వేసి, కట్టను వేడి రేకుకు నాలుగు వేళ్ల దూరంలో కొత్త క్లిప్పులతో బిగించాం.

సోల్డరింగ్ ఎందుకు చేయలేదని మా తమ్ముడు అడిగాడు. ఇది ఫ్యూజు వైపు వైరు కనుక సోల్డర్ చేసినా నడిచేది. ఇంజను అదురుకు సోల్డర్ అంచున వైరు విరిగే అవకాశం ఉందని క్రింపింగ్ ఎంచుకున్నాం. కాని సెన్సర్‌తో పాటు వచ్చే తోక వైర్ల విషయం వేరు. చాలా రకాల జిర్కోనియా సెన్సర్లు పోల్చి చూసుకోవడానికి కావలసిన బయటి గాలిని ఆ వైర్ల పోగుల మధ్య నుంచే తీసుకుంటాయి. అక్కడ సోల్డర్ పోస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఇది తెలియక సెన్సర్లు పాడుచేసుకునేవారు ఉన్నారు.

ఎయిర్ ఫిల్టర్ బిగించే ముందు మల్టీమీటరుతో హీటర్ల ఓములు (కరెంటుకు నిరోధం ఎంతో) కూడా కొలిచాను. నాలుగు వైర్ల సెన్సర్‌లో ఒకే రంగులో ఉండే రెండూ సాధారణంగా హీటరువే. ముందు సెన్సర్ 6 ఓములకు దగ్గరగా చూపించింది, బాగుంది. పర్జ్ వాల్వ్ చుట్ట 26 ఓములు, అదీ బాగుంది. వెనుక సెన్సర్ దగ్గర మీటరు ఏ అంకే చూపలేదు. లోపలి తీగ తెగిపోయింది.

అంటే వర్క్‌షాప్ చెప్పిన మూడు వస్తువుల్లో ఒకటి నిజంగానే పోయింది. ఇది రాయకపోతే ఈ డైరీ సగమే నిజం. ఎలుక కొరికినందుకు తెగిందో, వయసుతో తెగిందో ఆ మీటరు చెప్పదు.

ఫ్యూజు పెట్టాం, తాళం తిప్పాం. నిలిచింది. ఇంజను స్టార్ట్ చేసి పర్జ్ వాల్వ్ మీద వేలు పెడితే కొద్దిసేపటికి టిక్కు టిక్కుమని కొట్టుకోవడం తెలిసింది. ఫోనులో ముందు సెన్సర్ గీత 0.1 వోల్టు నుంచి 0.9 వోల్టు మధ్య పైకీ కిందికీ ఊగడం మొదలైంది. ఆ ఊగడమే ఆరోగ్యం. గాలి బరువు పెట్రోలు బరువుకు 14.7 రెట్లు ఉండేలా కంప్యూటర్ సవరిస్తున్నప్పుడు ఆ గీత అలాగే ఊగుతుంది. కన్వర్టర్ మూడు విషవాయువులనూ (కార్బన్ మోనాక్సైడు, కాలని పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడ్లు) ఒకేసారి శుభ్రం చేయగలిగేది కూడా ఆ పాళ్ల దగ్గరే.

వెనుక సెన్సర్ మార్చడం

ఊహించినట్టే రెండు రోజులకు పీ0141 ఒక్కటి మళ్లీ వచ్చింది, మొదట లైటు లేకుండా పెండింగ్ కోడుగా. చాలా లోపాలకు కంప్యూటర్ వరుసగా రెండు ప్రయాణాల్లో తప్పు కనిపించాకే లైటు వెలిగిస్తుంది.

కొత్త సెన్సర్ వరంగల్ ఆటోనగర్‌లో కొన్నాను. కారు మోడలుకు సరిపోయే ప్లగ్గుతో వచ్చేదే అడిగాను. పాత ప్లగ్గు కోసి అతికించుకోవాల్సిన రకం తక్కువకు వస్తుంది, కాని పైన చెప్పిన గాలి దారి సంగతి తెలిశాక అది వద్దనుకున్నాను.

మిగతా పనంతా కండబలం, జాగ్రత్త. వెనుక చక్రాలకు రాళ్లు, ముందు వైపు జాకీ, దాని పక్కన తప్పనిసరిగా రెండు స్టాండ్లు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి పోకూడదు. ముందు రోజు రాత్రే మరలో తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాను. పొద్దున ఇంజను కొద్దిసేపు నడిపి, గొట్టం గోరువెచ్చగా ఉన్నప్పుడు, పక్కన చీలిక ఉన్న 22 సైజు సాకెట్‌తో తిప్పాను. వైరు ఆ చీలికలోంచి బయటికి వస్తుంది, నలగదు. మొదట కదలలేదు. పొడుగు పైపు తగిలించి నిదానంగా బలం పెడితే కిర్రుమని వదిలింది. ఆ చప్పుడు వినగానే మర తెగిందేమోనని గుండె ఆగినంత పని అయింది, కాని మర శుభ్రంగా ఉంది.

కొత్త సెన్సర్ మర మీద ముందే పూత ఉంది. దాని ముక్కుకు వేలు గాని, నూనె గాని తగలనివ్వలేదు. చేత్తో మర ఎక్కించి, 40 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించాను. సైలెన్సర్ అతుకుల దగ్గర సిలికాన్ జిగురు పూయడం కూడా మానుకోవాలి. దాని ఆవిరి ఈ సెన్సర్లను పాడుచేస్తుంది.

జనగామ రోడ్డు

కోడ్లు చెరిపేశాక లైటు ఆరడం సంగతి పెద్దది కాదు, ఎవరు చెరిపినా ఆరుతుంది. పొగ వ్యవస్థలోని ఒక్కో భాగాన్ని కంప్యూటర్ తనంతట తాను పరీక్షించి పూర్తయిందని రాసుకోవాలి. చెరిపిన వెంటనే ఆ పట్టీ అంతా పూర్తికాలేదని ఉంటుంది. కన్వర్టర్ పరీక్ష పూర్తి కావాలంటే ఊరి ట్రాఫిక్ చాలదు, ఇంజను వేడెక్కాక కొంతసేపు ఒకే వేగంతో నడవాలి.

ఉదయం చల్లటి ఇంజనుతో బయల్దేరి కాజీపేట దాటి 163వ జాతీయ రహదారి ఎక్కాను. స్టేషన్ ఘన్‌పూర్ వైపు వేగం 70 దగ్గర నిలిపాను. మా తమ్ముడు పక్కన కూర్చుని ఫోను చూస్తున్నాడు. ముందు సెన్సర్ గీత ఊగుతోంది, వెనుకది 0.7 వోల్టు దగ్గర దాదాపు కదలకుండా నిలిచింది. ముందుది ఊగుతున్నప్పుడు వెనుకది నిలకడగా ఉంటే కన్వర్టర్ ఆక్సిజన్‌ను దాచుకుని సరిగా వాడుకుంటోందని అర్థం. రెండూ ఒకేలా ఊగితే కన్వర్టర్ అయిపోయినట్టే, అదే అసలు పెద్ద ఖర్చు. జనగామ చేరేలోపు హీటర్ల పరీక్ష పూర్తయింది. తిరుగు ప్రయాణంలో ఘన్‌పూర్ దాటాక కన్వర్టర్‌ది కూడా పూర్తయిందని చూపించింది. "అన్నా, ఇదీ అయిపోయింది" అని వాడు కేకేశాడు.

పొల్యూషన్ సర్టిఫికెట్

బీఎస్-4 కారుకు ఏడాదికోసారి తీసుకోవాలి. గడువు దగ్గర పడింది కనుక ఇదే వారం తీయించాను. ఐడిల్‌లో (బండి నిలిపి ఇంజను నడుస్తుండగా) కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు (కాలని పెట్రోలు) 200 పీపీఎం (పది లక్షల పాళ్లలో 200) పరిమితి. రెండింటికీ చాలా కింద వచ్చింది. అయినా ఈ కాగితానికి నేను ఎక్కువ విలువ ఇవ్వలేను. ఆ పరీక్ష వేడెక్కిన ఇంజను మీద చేస్తారు. హీటరు పనిచేయని సెన్సర్ కూడా వేడి ఇంజనులో మేలుకునే ఉంటుంది, కనుక లైటు వెలుగుతున్న రోజుల్లో తీయించినా మా కారు బహుశా పాసయ్యేది. బొగ్గు డబ్బా నిండి ట్యాంకు ఆవిరి బయటికి పోతున్నా సైలెన్సర్‌లో పెట్టిన పరీక్ష గొట్టానికి అది తెలియదు. చల్లటి ఉదయపు పొగను చూసేది బోర్డు మీది ఆ పసుపు లైటే.

వరండాలో వాసన తగ్గడానికి ఇంకా వారం పట్టింది. నిండిపోయిన బొగ్గు ఖాళీ కావాలి కదా. ఇప్పుడు లేదు. అమ్మనే అడిగి తెలుసుకున్నాను, నా ముక్కుకు అలవాటై ఉంటుందని.

మిగిలిన పని

అర అంగుళం కళ్లున్న జీఐ జాలీ కొని, ఇంజను కింది భాగంలో రేకు గోడ వైపున్న ఖాళీకి సరిపడా కోశాను. గాలి ఆగదు, ఎలుక దూరదు. వేడి భాగాలకు తగలకుండా వంచి బోల్టులతో బిగించాలి, అందులో సగం అయింది. వడ్ల బస్తాలు కారు షెడ్డు నుంచి వెనుక గదికి మార్చాం. పొగాకు పొడి, కర్పూరం బిళ్లలు పెట్టమని ఇద్దరు చెప్పారు. వాటి వాసన ఇంజను వేడికి తొందరగా పోతుందని నా అనుమానం, అందుకే జాలీ మీదే ఆధారపడుతున్నాను. చిన్నాయన మాత్రం వారానికోసారి బానెట్ ఎత్తి టార్చి వేయమన్నారు, యాసంగి కోతలప్పుడు రెండు రోజులకోసారి. తరువాత చేయాల్సింది జాలీ రెండో వైపు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా కింద విరిగిన క్లిప్పు.